అతుకు కనిపిస్తున్న మోడల్‌నే తీసుకెళ్ళండి

మీరు అడిగింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో ముందు చూడండి. రెండేళ్ళుగా రాత్రిపూట ఒక్కరే కూర్చుని, ముక్కలు అతికించి చిన్న నమూనాలుగా చేసే ప్లాస్టిక్ కిట్లు కడుతున్నారు. నాలుగు విమానాలు, ఒక ట్యాంకు పూర్తయ్యాయి. రెక్క విమానం ఒంటికి కలిసే చోట గీత పోవడం లేదు. డెకాల్స్, అంటే నీళ్ళలో తడిపి మోడల్ మీద అతికించే పల్చటి గుర్తులు, వాటి చుట్టూ వెండి పూసినట్టు ఒక మెరుపు మిగిలిపోతోంది. ఇంట్లోవాళ్ళు "ఈ వయసులో బొమ్మలేమిటి" అంటున్నారు. మోడల్స్ కట్టేవాళ్ళు నెలకోసారి కలుస్తారని తెలిసింది కానీ, పని కాస్త బాగుపడ్డాక వెళదామని ఆగారు. ఇంకా ఆగాలా, వెళితే అక్కడివాళ్ళతో స్నేహం ఎలా కుదురుతుంది అని అడిగారు.

ఆగకండి. ఈ నెలే వెళ్ళండి. పూర్తయిన అయిదింటిలో ఏదో ఒకటి పట్టుకెళ్ళినా ఫర్వాలేదు కానీ, ఇప్పుడు బల్ల మీద సగంలో ఉన్నది ఏదైనా ఉంటే దాన్నే పట్టుకెళ్ళండి. ఎందుకంటున్నానో నా సంగతే చెబుతాను.

ముప్ఫై ఏళ్ళ కిందట నేను మొదటిసారి అలాంటి చోటికి వెళ్ళినప్పుడు ఎనిమిది నెలలు కష్టపడి కట్టిన 1/48 ఫైటర్ ఒకటి, అంటే అసలు విమానంలో నలభై ఎనిమిదో వంతు ఉండేది, తీసుకెళ్ళాను. లోపం అనేది కంటికి కనపడకూడదని రాత్రంతా కూర్చుని తుడిచాను. అందరూ వంగి చూశారు, "బాగుంది" అన్నారు, పక్క బల్ల దగ్గరికి వెళ్ళిపోయారు. వాళ్ళ తప్పేమీ లేదు. అయిపోయిన పని ముందు నిలబడి ఇంకేం మాట్లాడతారు? సాయంత్రం దాకా నా బల్ల దగ్గర నేనే కూర్చుని తిరిగొచ్చాను.

రెండోసారి వెళ్ళేనాటికి పూర్తయినది ఏదీ లేదు. ఖాళీ చేతులతో ఎందుకని, సగంలో ఉన్న ఒక బాంబర్‌ని పెట్టెలో వేసుకెళ్ళాను. రెక్క మొదట్లో గోరు దూరేంత సందు ఉంది దానికి. పది నిమిషాల్లో ముగ్గురు కుర్చీలు లాక్కుని కూర్చున్నారు. ఒకాయన పుట్టీ పెట్టమన్నారు. ఇంకొకాయన పుట్టీ ఎండాక కుంగుతుంది, సన్నటి ప్లాస్టిక్ షీటు ముక్క కోసి సందులో దూర్చమన్నారు. మూడో మనిషి ఏమీ అనకుండా మోడల్‌ని చేతిలోకి తీసుకుని, రెండు రెక్కల చివర్లనీ బొటనవేళ్ళతో కొద్దిగా పైకి ఎత్తారు. సందు మూసుకుపోయింది. "నీ రెక్క కిందికి వాలింది. ఒక కొసనుంచి రెండో కొసకి టేపు లాగి కట్టు, ఆ వంపు నిలబడ్డాక సందులోకి జిగురు వదులు. పుట్టీతో పనే లేదు" అన్నారు. తర్వాతి ఆదివారం టేపు చుట్ట పట్టుకుని మా ఇంటికే వచ్చారు. ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద. అప్పటినుంచి ఇప్పటి దాకా నేను ఆయన్ని అన్నయ్యా అనే పిలుస్తున్నాను.

ఈ పని ఒంటరిగా చేసేదే. గంటల తరబడి నోరు మెదపకుండా చేస్తాం. అందుకే ఇందులో ఉన్నవాళ్ళలో చాలామందికి కొత్తవాళ్ళతో మాట కలపడం సులువుగా రాదు. మీరు బిడియస్తులమని రాశారు కదా, వెళ్ళి చూడండి, ఆ గదిలో సగం మంది మీలాంటివాళ్ళే. మన మధ్య మాటని మొదలుపెట్టేది బల్ల మీద ఉన్న వస్తువు. దానికొక చిక్కు ఉంటే మాట మరీ తేలిగ్గా మొదలవుతుంది. అవతలి మనిషికి "మీరెవరు, ఏం చేస్తుంటారు" అని అడగాల్సిన అవసరం రాదు. "ఇదెలా విరిగింది?" అంటే చాలు. అన్నయ్య ఏ ఉద్యోగం చేస్తారో నాకు పరిచయమైన రెండేళ్ళకి గానీ తెలియలేదు. కానీ ఆయన ట్వీజర్స్ ఎడమ చేత్తో పట్టుకుంటారని, తొందరపడినప్పుడు పెదవి కొరుక్కుంటారని మొదటి నెలలోనే తెలుసు.

ఇందులో నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా అనిపించే ఇంకో సంగతి స్కేలు. మీ కిట్ పెట్టె మీద 1/72 అని ఉంటే, ఆరడుగుల మనిషి అందులో సరిగ్గా ఒక అంగుళం అవుతాడు. అడుగులు, అంగుళాల్లో కొలిచేవాళ్ళకి లెక్క తేలిక కాబట్టి 1930ల్లో బ్రిటన్‌లో చెక్క కిట్లు ఈ కొలతలో వచ్చాయి. 1936లో ఫ్రాగ్ కంపెనీ పెంగ్విన్ పేరుతో మొట్టమొదటి ప్లాస్టిక్ కిట్లని ఇదే కొలతలో తెచ్చింది. 1942లో అమెరికా నావికాదళం, ఏ విమానం తమదో ఏది శత్రువుదో గుర్తుపట్టడం సైనికులకు నేర్పడానికి, 5,00,000 చెక్క నమూనాలు చెక్కి ఇమ్మని బడిపిల్లల్ని కోరింది. అవీ 1/72లోనే. ఆ నమూనాని 35 అడుగుల దూరంలో వేలాడదీస్తే, 2,520 అడుగుల దూరాన ఎగురుతున్న అసలు విమానం ఎంత కనిపిస్తుందో అంతే కనిపిస్తుంది. ఇంట్లోవాళ్ళు బొమ్మలంటే ఈ మాట చెప్పి చూడండి. వాళ్ళని ఒప్పించడానికి మాత్రం వాదించొద్దు, భూతద్దం చేతికిచ్చి పక్కన కూర్చోబెట్టుకోండి. మా అమ్మాయి ఏడేళ్ళప్పుడు అలా కూర్చునే పైలట్ ముఖానికి రంగు వేయడం నేర్చుకుంది.

ట్యాంకుల 1/35 కథ ఇంకోలా మొదలైంది. 1960ల మొదట్లో టమియా కంపెనీ పాంథర్ ట్యాంకు కిట్‌ని మోటారు, బ్యాటరీలు లోపల పట్టేలా చేసింది. ఆ కొలతని తర్వాత లెక్కగట్టి చూస్తే 1/35 దగ్గర తేలింది. బ్యాటరీ పట్టాలని పెట్టుకున్న కొలత కాస్తా ప్రపంచంలో ట్యాంకులు కట్టేవాళ్ళందరి కొలత అయిపోయింది. ఓడల విషయంలో జరిగింది నాకు మరీ ఇష్టం. 1971లో జపాన్‌లోని షిజువోకా ప్రాంతానికి చెందిన టమియా, హసెగావా, అవోషిమా, ఫుజిమి అనే నాలుగు కంపెనీలు, ఒకదానితో ఒకటి పోటీ పడేవే, కలిసి కూర్చుని జపాన్ యుద్ధనౌకల్ని తమలో తాము పంచుకున్నాయి. ఈ ఓడ నువ్వు చెయ్యి, ఆ ఓడ నేను చేస్తాను, అన్నీ 1/700లోనే, నీటిపైన కనపడే భాగం మాత్రమే. వాటర్‌లైన్ సిరీస్ అంటే అదే. పోటీదారులు అలా ఒక మాట మీదికి వచ్చారు కాబట్టే, ఎవరి కిట్లో అయినా సరే కలిపి ఒకే బల్ల మీద ఒక నౌకాదళాన్ని నిలబెట్టగలుగుతున్నాం.

ఇదంతా మీ ప్రశ్నకి ఎలా సంబంధం అంటారేమో. మీరు, నేను, ఇంకెక్కడో మన భాష రాని మనిషి, ముగ్గురం వేరువేరు గదుల్లో 1/72 కట్టామనుకోండి. మూడింటినీ ఒకే అరలో పెడితే అవి ఒకే లోకానివి. మీ మోడల్‌కి చక్రం పోతే నా డబ్బాలోది సరిపోతుంది. కొలత ఒకటే కావడంవల్ల మనం పరిచయం కాకముందే మన పని కలిసిపోయి ఉంటుంది. బ్రిటన్‌లో 1963లో మొదలైన అంతర్జాతీయ ప్లాస్టిక్ మోడలర్ల సంఘం, ఐపీఎంఎస్, చాలా దేశాల్లో శాఖలుగా విస్తరించింది. వాళ్ళు ఏటా నవంబరులో టెల్‌ఫోర్డ్‌లో పెట్టే ప్రదర్శనలో ఒక్కో బల్ల ఒక్కో బృందానిది. ఒకే ఒక రకం విమానం మీద ప్రేమతో ఏర్పడిన బృందాలు కూడా ఉన్నాయి. అదే ఒళ్ళు, అవే రెక్కలు, ముప్ఫై రకాల రంగుల్లో పక్కపక్కన నిలబెడతారు. ఆ బల్ల వెనక కూర్చున్నవాళ్ళ మధ్య ఉండే చనువు చూస్తే బంధువులేమో అనుకుంటాం.

సరే, మీ మోడల్స్ సంగతి. వెళ్ళేలోపు ఇవి పోవాలని కాదు గానీ అడిగారు కాబట్టి చెబుతున్నాను.

అతుకు గీత పోకపోవడానికి చాలాసార్లు కారణం జిగురు తక్కువ కావడం కాదు, తొందర. ఈ కిట్లకి వాడే జిగురు, ప్లాస్టిక్ సిమెంట్, అంటించేది కాదు, కరిగించేది. రెండు అంచుల్నీ కరిగించి ఒకే ముక్కగా చేస్తుంది. రెండు భాగాల్ని పట్టుకుని సందు మీద కుంచెతో తాకిస్తే సిమెంట్ తనంతట తానే సందు పొడుగునా పాకుతుంది. అర నిమిషం ఆగి మెల్లగా నొక్కండి. కరిగిన ప్లాస్టిక్ సన్నటి కట్టలా బయటికి ఉబకాలి. దాన్ని ముట్టుకోవద్దు. ఒక రోజు, వీలైతే రెండు రోజులు వదిలెయ్యండి. ఆ ఉబికినదే మీ పుట్టీ. గట్టిపడ్డాక బ్లేడు అంచుతో గీకి, 400, 600, 1000 నంబర్ల ఎమెరీ కాగితాలతో నీళ్ళు తడుపుతూ వరసగా రుద్దండి. తర్వాత బూడిదరంగు ప్రైమర్ ఒక పల్చటి పూత వేస్తే మిగిలిన గీత ఎక్కడుందో అదే చూపిస్తుంది. మూడుసార్లు ప్రైమర్ వేసి మూడుసార్లు రుద్దాల్సి వచ్చినా విసుక్కోవద్దు, అందరికీ అంతే. సూపర్ గ్లూతో సందు నింపితే మాత్రం ఆ పూటే రుద్దెయ్యండి. రోజులు గడిస్తే అది చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కంటే గట్టిపడుతుంది, అప్పుడు రుద్దితే ప్లాస్టిక్ అరిగి గ్లూ గట్టులా మిగులుతుంది. కాక్‌పిట్ అద్దాల దగ్గరికి సూపర్ గ్లూని అసలు రానివ్వకండి, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది.

వెండి మెరుపు విషయం. మ్యాట్ రంగు, అంటే మెరవని రంగు, కంటికి నున్నగా ఉన్నా, దగ్గరికెళ్ళి చూస్తే అది గరుకు నేల. డెకాల్ పొర ఆ గరుకు కొసల మీద ఆని ఉండిపోతుంది, కింద పల్లాల్లో గాలి చిక్కుకుంటుంది. ఆ గాలి వల్ల వచ్చేదే మెరుపు. అందుకని డెకాల్స్‌కి ముందు మెరిసే క్లియర్ పూత (రంగు లేనిది) వేసి ఒక రోజు ఆరనివ్వండి. అతికించే చోట మైక్రో సెట్ లాంటి ద్రవం రాయండి, అది వెనిగర్ వాసన వస్తుంది. డెకాల్‌ని జార్చి, ఇయర్ బడ్ తడిపి మధ్యనుంచి అంచులకి నొక్కుతూ నీళ్ళని, గాలిని తోసెయ్యండి. ఆ తర్వాత మైక్రో సోల్ వంటి మెత్తబరిచే ద్రవం. అది రాయగానే డెకాల్ ముడతలు పడుతుంది, మొదటిసారి చూస్తే గుండె జారుతుంది. ముట్టుకోకుండా ఉంటే ఆరాక ప్యానెల్ గీతల్లోకి, అంటే విమానం రేకులు కలిసే చోట్లని చూపే సన్నటి గాడుల్లోకి కూడా దిగి, రంగుతో వేసినట్టే అతుక్కుంటుంది. అన్నీ అయ్యాకే మ్యాట్ పూత. మీ పాత వాటిని కూడా కాపాడవచ్చు. మెరుపున్న చోట సన్నటి సూదితో నాలుగైదు చోట్ల గుచ్చి, ఆ మెత్తబరిచే ద్రవాన్ని చుక్క చుక్కగా వదలండి. రెండు మూడు సార్లు చేస్తే చాలావరకు పోతుంది.

ఇదంతా నేను రాతలో చెప్పాను. ఇదే పనిని పక్కన కూర్చున్న మనిషి చేతుల్లో చూస్తే పదిహేను నిమిషాల పని. ఎంత నొక్కాలి, ఎప్పుడు ఆపాలి అన్నది రాతలో ఇమడదు. మోడల్స్‌ని నేల, మనుషులతో కలిపి ఒక దృశ్యంగా అమర్చే డయోరమాలు కట్టడంలో షెపర్డ్ పెయిన్ అనే అమెరికన్‌ని (1946–2015) ఇప్పటికీ గురువుగా తలుచుకుంటారు. 1970ల్లో మోనోగ్రామ్ కంపెనీ ఆయన కట్టిన డయోరమాల బొమ్మలతో, వాటిని కట్టిన పద్ధతులతో చిన్న కరపత్రాల్ని కిట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చింది. కిట్ తెరిచిన ప్రతి పిల్లవాడికీ ఆయన తన కిటుకులు విప్పి చెప్పినట్టే అయింది. కిటుకుని దాచుకునే అలవాటు ఈ పనిలో ఎందుకో నిలవలేదు. కొత్త మనిషి అడిగితే చెప్పనివాళ్ళని ఇన్నేళ్ళలో నేను ఇద్దరో ముగ్గురినో చూసి ఉంటాను.

నవ్వుతారేమో అన్నారు. నవ్వేవాళ్ళు లేరని చెప్పను. ఒకసారి ఒక పోటీలో ఒకాయన నా ట్యాంకు ముందు నిలబడి, నాకు వినపడేలా, బోల్టులు లెక్కపెట్టి రెండు తక్కువని పక్కవాళ్ళకి చూపించారు. ఆ రాత్రి చాలా బాధపడ్డాను. అయితే బోల్టులు లెక్కపెట్టేవాళ్ళందరూ అలాంటివాళ్ళు కారు. వాళ్ళలో ఎక్కువమందికి అది ప్రేమ. అసలు వస్తువు మీద ఎంత ప్రేమంటే, దాన్ని తప్పుగా చూస్తే ఉండబట్టలేరు. అలాంటివాళ్ళని దూరం పెట్టకండి. వాళ్ళ దగ్గర దొరికే పాత ఫోటోలు, కొలతలు ఇంకెక్కడా దొరకవు.

అన్నయ్యకీ నాకూ పెద్ద గొడవ అయింది ఆలివ్ డ్రాబ్ అనే మట్టి కలిసిన ఆకుపచ్చ సైనిక రంగు మీద. నేను బీ-17 అనే అమెరికన్ బాంబర్ కట్టాను. రంగు మరీ పచ్చగా ఉంది, ఎండకి అది మట్టిరంగులోకి తిరుగుతుందని ఆయన. ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చినది అలాగే ఉంటుందని నేను. మాటా మాటా పెరిగి రెండు నెలలు మాట్లాడుకోలేదు. ఆ తర్వాత ఒక ఉదయం ఆయన ఒక ఫోటో తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకే విమానం. నిలువు తోక లోహంతో చేసినది, దాని వెనక కదిలే రడ్డర్ మీద గుడ్డ. రెండింటి మీదా అదే పేరున్న రంగు. ఎండకి లోహం మీది రంగు ఒకలా మారింది, గుడ్డ మీది రంగు ఇంకోలా మారింది. "నీదీ ఉంది, నాదీ ఉంది, ఒకే తోక మీద ఉన్నాయి" అన్నారు. ఆ మోడల్‌కి ఆ రడ్డర్ రంగు ఆయనే కలిపి వేశారు. ఇప్పటికీ మా ఇంట్లో అర మీద ఉంది.

కాబట్టి అక్కడ ఎవరైనా మీ పనిలో తప్పు చూపిస్తే "దీన్ని ఎలా సరిచేస్తారు?" అని ఎదురు ప్రశ్న వెయ్యండి. చేయి తిరిగిన మనిషి అయితే వెంటనే చూపిస్తారు. అలాగే రేపు మీకంటే కొత్తగా ఒకరు వచ్చి తమ మోడల్ చూపిస్తే, ముందు వాళ్ళకి సలహా కావాలో వద్దో అడగండి. కావాలంటే ఒక్కటే చెప్పండి. కనపడిన పన్నెండూ ఒకేసారి చెబితే ఆ మనిషి మళ్ళీ రారు. నేనలా ఒకబ్బాయిని పోగొట్టుకున్నాను. పదహారేళ్ళవాడు, ఎంతో ఇష్టంగా తెచ్చాడు. నేను మంచి చేస్తున్నాననుకుని వరసపెట్టి చెప్పుకుపోయాను. ఆ తర్వాత వాడు కనిపించలేదు. ఇప్పటికీ కొత్తవాళ్ళు బల్ల మీద ఏదైనా పెడితే నాకు ముందు వాడి ముఖమే గుర్తొస్తుంది.

పోటీల గురించి ఎక్కువ చెప్పను. వెళ్ళండి, చూడండి. న్యాయనిర్ణేతలు మొదట చూసేది అతుకులు, చక్రాలూ రెక్కలూ సూటిగా ఉన్నాయా లేదా అన్నదే. అది తెలిస్తే మీ కన్ను పదునెక్కుతుంది. బహుమతి కోసం స్నేహాన్ని పాడుచేసుకున్నవాళ్ళు నాకు తెలుసు, అది వద్దు.

దానికంటే నేను చెప్పేది గ్రూప్ బిల్డ్‌లో చేరమని. అందరూ ఒకే కిట్‌ని, లేదా ఒకే విషయాన్ని తీసుకుని మూడు నాలుగు నెలల గడువు పెట్టుకుని కడతారు. ఒకే కిట్ అయితే ఇంకా మంచిది. ఎందుకంటే కిట్ సూచనల్లో ఆరో మెట్టు దగ్గర మీకు ఎదురైన ఇబ్బందే మిగతావాళ్ళకీ ఎదురవుతుంది. ముందు వెళ్ళినవాళ్ళు వెనకవాళ్ళని హెచ్చరిస్తారు. "ముందు చక్రం ఉన్న విమానం, ముక్కులో బరువు పెట్టడం మరిచిపోకండి, లేకపోతే తోక మీద కూర్చుంటుంది" అని ఒకరు అరుస్తారు, అప్పటికే ఇద్దరు విమానం ఒంటిని అతికించేసి ఉంటారు. వాళ్ళిద్దరూ కలిసి ఆ బరువుని ఎలా దూర్చాలా అని తల పట్టుకున్నప్పుడు పుట్టే స్నేహం మామూలుది కాదు. ఒకే గదిలో కూర్చుని కట్టేటప్పుడు ఒక్క జాగ్రత్త. ఘాటైన వాసన వచ్చే లాకర్ రంగులు వేసేవాళ్ళుంటే కిటికీలు తెరిపించండి, వేసేవాళ్ళు మాస్క్ పెట్టుకోవాలి. రెజిన్‌తో పోతపోసిన భాగాల్ని పొడిగా రుద్దనివ్వొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, తడిపి రుద్దాలి.

విడిభాగాల డబ్బా గురించి కూడా ఒక మాట. కిట్‌లో వాడకుండా మిగిలిన ప్రతి ముక్కనీ, ప్రతి డెకాల్‌నీ దాచండి. నలుగురు కలిసే చోటికి స్వీట్లు పట్టుకెళ్ళినట్టు ఆ డబ్బా పట్టుకెళ్ళండి. నేల మీద పడి మాయమైన ముక్క కోసం మోకాళ్ళ మీద వెతుకుతున్న మనిషికి మీ డబ్బాలోంచి అదే ముక్క తీసిచ్చి చూడండి. బదులు అడగొద్దు. ఎప్పుడో మీకు కావాల్సింది ఇంకెవరి డబ్బాలోంచో వస్తుంది.

మా బృందంలో ఒక పెద్దాయన పోయినప్పుడు, ఆయన భార్య మమ్మల్ని పిలిచి, కట్టకుండా మిగిలిపోయిన కిట్లు ఏం చెయ్యాలో తెలియడం లేదన్నారు. గదినిండా పెట్టెలు. ఒక్కొక్కరం ఒక్కొక్కటి తీసుకున్నాం, ఏడాదిలోపు కట్టి ఆమెకి తెచ్చి చూపిస్తామని మాట ఇచ్చాం. నాకు వచ్చిన కిట్‌లో డెకాల్స్ పసుపుపచ్చగా మారిపోయి ఉన్నాయి. కవర్లో పెట్టి, ఎండ పడే కిటికీ అద్దానికి టేపుతో అంటించి మూడు వారాలు ఉంచాను. తెల్లబడ్డాయి. అంత పాతవి నీళ్ళలో వేస్తే ముక్కలవుతాయి కాబట్టి ముందు షీటు మొత్తం మీద క్లియర్ పూత వేశాను. అలా చేస్తే షీటంతా ఒకే పొర అయిపోతుంది, ఒక్కో గుర్తునీ అంచు వెంబడి కత్తిరించుకోవాలి. ఆ పెట్టె అడుగున ఆయన చేతిరాతతో రంగుల చీటీ ఒకటి ఉంది. ఏ రంగుతో ఏ రంగు ఎంత కలపాలో రాసుకున్నారు. అదే కలిపాను. ఏడాది నిండేసరికి పదకొండు మోడల్స్ ఆమె ఇంటి హాల్లో బల్ల మీద పెట్టాం. ఆమె ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, ఇది ఎవరు కట్టారు అని పేరుపేరునా అడిగారు.

ఇక అన్నయ్య సంగతి చెప్పి ముగిస్తాను. ఆరేళ్ళ కిందట ఆయన చేతులకి వణుకు మొదలైంది. మూడు నెలలు కలవడానికి రాలేదు. వెళ్ళి చూస్తే గాలితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్ కడిగి పెట్టెలో సర్దేశారు. ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారు. నేను ఇవ్వలేదు. మొదట చిన్న చిన్న ఉపాయాలు చేసి చూశాం. మోచేతులు రెండూ బల్ల మీద ఆనించి, రెండు మణికట్లనీ ఒకదానికొకటి తాకించి పట్టుకుంటే వణుకు సగం తగ్గింది. ముక్కని చేత్తో పట్టుకునే బదులు పుల్ల కొసన మెత్తటి ముద్ద పెట్టి దాని మీద నిలిపాం. 1/72 వదిలి 1/32కి మారాం. అవి కొన్నాళ్ళు పనిచేశాయి. తర్వాత పని పంచుకున్నాం. రుద్దడానికి వణుకు అడ్డు కాదు, అది ఆయనది. రంగులు కలపడం, ఫోటోలు వెతికి ఏ గుర్తు ఏ ఏడాదిదో తేల్చడం ఆయనదే, ఆ జ్ఞాపకం నాకు లేదు. డెకాల్స్, సీటు బెల్టులు, యాంటెనా తీగలు నావి. నాకూ దగ్గరి చూపు తగ్గింది కాబట్టి తలకి కట్టుకునే భూతద్దం పెట్టుకుని చేస్తాను, ఆయన పక్కనుంచి "కొంచెం ఎడమకి" అంటారు. అలా ఇప్పటికి ఏడు కట్టాం. ప్రదర్శనలో వాటి ముందు పెట్టే కార్డు మీద రెండు పేర్లు ఉంటాయి. నేను వదిలేసిన అతుకుని వేలి కొసతో తడిమి పట్టుకోవడంలో ఆయన్ని మించినవాళ్ళు ఇప్పటికీ లేరు.

మీరు వెళ్ళే రోజుకి లోతైన అట్టపెట్టె ఒకటి చూసుకోండి. అడుగున స్పాంజి పరిచి, చక్రాల చోట గుంట కోసి, రెక్కల కింద ఇంకో ముక్క పెడితే మోడల్ కదలదు. పైనుంచి ఏదీ ఆనకూడదు. రెక్క మొదట్లో గీత ఉన్న ఆ మోడల్‌ని పెట్టండి. దానితోపాటు కట్టడం మొదలుపెట్టిన కిట్, అది ఏ మెట్టు దగ్గర ఉన్నా సరే. కూర్చోగానే పక్కవాళ్ళకి ఆ గీత చూపించి "ఇది పోవడం లేదండీ" అనండి, అంతకు మించి పరిచయం అక్కర్లేదు. సిమెంట్ సీసా కూడా ఒకటి వేసుకోండి. దారి కుదుపులకి యాంటెనా గానీ చక్రం తలుపు గానీ ఊడుతుంది, అక్కడే కూర్చుని అతికించుకోవచ్చు.